చూస్తానక్క

"చూస్తాను" అన్నంత మాయదారి మాట మన భాషలో ఇంకోటి లేదు. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోకుండా, అడిగించుకున్నవాళ్ళ నెత్తిన బరువు పడకుండా, "కాదు" అనే మాటకి ఇస్త్రీ చొక్కా తొడిగితే అది "చూస్తాను" అవుతుంది. మా అబ్బాయికి మీ ఆఫీసులో ఏదైనా ఉద్యోగం ఇప్పించండి అంటే చూస్తాను. మీ కారు ఒక్కరోజు ఇస్తారా అంటే చూస్తాను. ఆ పని జరగదని అడిగినవాడికీ తెలుసు, అన్నవాడికీ తెలుసు. ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోతారు.

కాకపోతే ఈ సౌకర్యం అందరికీ లేదు. ఈ కథలో ఆవిడ ఇంట్లోనే చూడండి. ఆవిడ బావగారు, అంటే భర్తకి అన్నగారు, "చూస్తాను" అన్నారంటే ఆ ఇంట్లో ఎవరూ ఇంక ఆశ పెట్టుకోరు. అదే మాట ఆవిడ అంటే మాత్రం పని అయిపోయినట్టే లెక్క. "పిన్నీ, నా ఫోను పనిచేయట్లేదు" అంటుంది బావగారి కూతురు. "చూస్తానమ్మా" అంటుంది ఈవిడ, ఇప్పుడు కాదులే అనే ఉద్దేశంతో. ఆ పిల్ల ఫోను ఈవిడ చేతిలో పెట్టి, ఛార్జరు కూడా పక్కన పెట్టి మరీ వెళ్ళిపోతుంది. "కర్టెన్ల అంచులు ఊడిపోయాయి, ఒక కుట్టు వేసిపెడతావా?" అంటుంది తోడికోడలు. "చూస్తానక్కా" అన్న మరుక్షణం కర్టెన్లు మడతపెట్టి ఈవిడ మంచం మీదకి వచ్చేస్తాయి. ఒకే ఇల్లు, ఒకే మాట, రెండు అర్థాలు. చెప్పే నాకే ఒళ్ళు మండుతుంది గానీ, ఆవిడకి మండదు. పాపం, సూదిలో దారం ఎక్కించుకుంటుంది.

పని దగ్గర ఆవిడ పేరే "చూస్తానక్క" అయిపోయింది. ముందుగదిలో కౌంటరు దగ్గర కూర్చునే ఆయన పెట్టాడు ఆ పేరు. ఎగతాళికి కాదు, ముద్దుకే పెట్టాడు. రెండో రోజుకల్లా అందరి నోళ్ళలో పడి, అసలు పేరు జీతం ఇచ్చే రోజున సంతకంలో మాత్రం కనబడేది.

అదొక వర్క్‌షాపు. ఆఫీసులు వాడి వాడి వదిలేసిన కంప్యూటర్లను తెచ్చి, దుమ్ము దులిపి, పాడైన భాగాలు మార్చి, బడులకీ చిన్న ఆసుపత్రులకీ కుట్టు కేంద్రాలకీ ఇస్తారు. కొత్త యంత్రాల కోసం తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఈ పాతవాటి మీద ఎక్కిస్తే, ముసలాయన నెత్తిన బస్తా పెట్టినట్టు, అడుగు తీసి అడుగు వేయలేవు. అందుకని వీటిలో "పిచ్చుక" అనే సిస్టమ్ ఎక్కిస్తారు. పిచ్చుక తేలిక. చిన్న జాగాలో ఇమిడిపోతుంది, పాత యంత్రాన్ని కూడా పరిగెత్తిస్తుంది. దాని లోపలి రాత, అంటే కోడు, అంతా బాహాటంగానే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. దాన్ని రాసేది కంపెనీ కాదు. వేరువేరు ఊళ్ళలో వేరువేరు ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన వేళల్లో దీన్ని పెంచుకునే కొద్దిమంది. వాళ్ళలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అందరూ రాసినదాన్ని ఒకచోట కూర్చి విడుదల చేసే ఆయనని "కూర్పరి" అంటారు.

కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా దాన్ని పాత యంత్రాల మీద పరీక్షించి, ఏది పనిచేస్తోందో ఏది మొరాయిస్తోందో చెప్పడం చూస్తానక్క పని. పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించాలి. తెర వెలిగిందా, శబ్దం వస్తోందా, వైఫై పట్టుకుందా, ప్రింటరు కాగితం మింగిందా, నిద్రపుచ్చితే నిద్రపోయిందా, లేపితే లేచిందా. అన్నీ అయ్యాక ఇంకో యంత్రం. మళ్ళీ మొదటినుంచి.

ఈ పని జరిగేది లోపలి గదిలో. ఒకప్పుడు రంగుల డబ్బాలు దాచిన గది అది; గోడల నిండా డబ్బాల అడుగుల గుండ్రటి మరకలు. కిటికీ ఉంది గానీ, పక్క భవనం కట్టినప్పుడు దానికి ఇటుకలు పేర్చేశారు. చట్రం మాత్రం మిగిలింది. ఆవిడ ఆ చట్రానికి వైర్లు తగిలించుకుంటుంది. తలుపు నేలకి రాసుకుంటుంది, కొంచెం పైకెత్తి లాగితే గానీ రాదు. ఒక్క ట్యూబ్‌లైటు. బయట ఎండో వానో తెలుసుకోవాలంటే కౌంటరాయన లోపలికి వచ్చినప్పుడు చొక్కా తడిసిందా అని చూడాలి. ఆ గదిలోకి ఆవిడ "కొద్దిరోజులే కదా" అని వచ్చింది. అప్పుడు కూతురు పలక పట్టుకుని తిరిగేది. ఇప్పుడా పిల్ల తల్లి కంటే పొడుగు.

పిచ్చుక గుంపులో ఆవిడ చేరినప్పుడు జరిగిన పొరపాటు సంగతి చెప్పాలి.

ఆ గుంపుకి ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా లోపం, వాళ్ళ భాషలో బగ్, బయటపడితే అందరికీ కనబడేలా నెట్‌లో ఒక జాబితాలో పెడతారు. ఎవరు "చూస్తాను" అంటే దాని పక్కన వాళ్ళ పేరు పడుతుంది. పేరు పడ్డాక అది తేలేదాకా ఇంకొకరు దానిలో చెయ్యి పెట్టరు. అది వాళ్ళ మర్యాద. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చేరిన కొత్తల్లో ఎవరో రాశారు: ఫలానా రకం లాప్‌టాప్‌లు మూత వేస్తే నిద్రపోతున్నాయి, మూత తీస్తే ఒక్కోసారి లేవట్లేదు, ఎవరి దగ్గరైనా అవి ఉన్నాయా? ఆవిడ వెనక అరనిండా అవే ఉన్నాయి. ఉన్నాయి అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. చెప్పి, మర్యాదకి "చూస్తాను" అని కూడా అంది.

ఆవిడ అన్నది బావగారి "చూస్తాను". వాళ్ళు విన్నది ప్రమాణం. సాయంత్రానికి బగ్ పక్కన ఆవిడ పేరు పడింది. కూర్పరి దండం బొమ్మ పెట్టాడు. ఇంకెవరో "హమ్మయ్య, అక్క తీసుకుంది" అన్నారు. కాదు బాబూ, నేనలా అనలేదు అని చెప్పడానికి ఆవిడకి మొహమాటం అడ్డొచ్చింది. అలా ఆ నిద్రరోగం ఆవిడ మెడకి చుట్టుకుంది.

రోగం చిన్నదేం కాదు. ఆసుపత్రిలో నర్సమ్మ రోగుల వివరాలు సగం రాసి, ఎవరో పిలిస్తే మూత వేసి వెళ్తుంది. వచ్చి తీస్తే తెర నల్లగా ఉంటుంది. మీట నొక్కినా, మౌస్ కదిపినా ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి బటన్ నొక్కిపట్టి చంపి, మళ్ళీ పుట్టించాలి. అప్పటిదాకా రాసింది పోతుంది. ఒక బడి పంతులుగారి ప్రశ్నపత్రం అలాగే పోయింది. ఆయన ఫోన్ చేసి ఏమీ తిట్టలేదు. "మళ్ళీ రాస్తానులే అమ్మా, చేతకానివాడిని కాదు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది అనుకుంది ఆవిడ.

ఇంక మొదలైంది. మూత వేయడం, ఆగడం, తీయడం. వేయడం, ఆగడం, తీయడం. ఆవిడ గుడ్లప్పగించి చూస్తున్నంతసేపూ లాప్‌టాప్ బుద్ధిగా లేచేది. నీళ్ళు తాగడానికి లేచి వచ్చి తీస్తే చచ్చినట్టు పడి ఉండేది. కారణం పట్టుకోవాలంటే ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి, రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మెమరీ చిప్ మార్చింది. కాదు. తెర బొమ్మను నడిపించే డ్రైవరు మార్చింది. రెండు రోజులు బాగానే ఉంది, ఆవిడ సంబరపడి గుంపులో రాసింది, మూడో రోజు మళ్ళీ పడుకుంది. రాసినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. పిచ్చుక పాత కూర్పులు ఒక్కొక్కటే వెనక్కి ఎక్కిస్తూ పోయింది. అన్నిటిలోనూ ఉంది రోగం. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో అత్తగారు ట్రంకుపెట్టె మూత వేస్తే చేతిలో పని వదిలేసి అటు తిరిగి చూసేది, ఇప్పుడు లేస్తుందా లేదా అన్నట్టు.

"ఏమైందే?" అనేది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా" అనేది.

మెట్లెక్కితే పై గది ఉంది. అక్కడ కంప్యూటరు ఎప్పుడూ ముట్టనివాళ్ళకి పిచ్చుక నేర్పుతారు. నేర్పే టీచరమ్మకి ఒకసారి జ్వరం వస్తే, ఆ ఒక్కరోజుకి చూస్తానక్కని పంపారు. గోడకి గోడంత కిటికీ. ఆవిడకి మొదట కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా పెద్దవాళ్ళు, బెరుగ్గా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన జన్మంతా బస్సు నడిపి దిగినవాడు. మౌస్‌ని రెండు చేతులతో పట్టుకుని తోసుకుంటూ తోసుకుంటూ పోయి, బల్ల చివర ఆగి, "రోడ్డు అయిపోయిందమ్మా, ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు.

"ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టుకోండి బాబాయ్. ఇది బస్సు కాదుగా, ఎత్తొచ్చు" అంది ఆవిడ.

గది ఘొల్లుమంది. ఆయనా నవ్వాడు. ఆవిడా నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. సాయంత్రం కిందకి దిగి లోపలి గది తలుపు ఎత్తి లాగుతున్నప్పుడు ఆవిడకి ఒక సంగతి తెలిసింది: ఈ గది తనకి ఇష్టం లేదు. అంతకాలం ఆ ముక్క మనసులో కూడా అనుకోలేదు. అనుకున్నాక ఇంక ఊపిరాడలేదు.

పై గది టీచరమ్మకి వేరే ఊళ్ళో పని దొరికింది, నెలాఖరుకి వెళ్ళిపోతోంది అని తెలిసిన రోజున చూస్తానక్కకి ఒకటే ధ్యాస పట్టుకుంది. ఆ గది తనకి వస్తుందా? వచ్చి తీరాలి. రాకపోతే? ఆ ఆలోచన రాగానే పక్కకి నెట్టేసేది. వెళ్ళి అడగాలని మేనేజరు బల్ల దాకా వెళ్ళేది, అక్కడి స్క్రూడ్రైవరు తీసుకుని వచ్చేసేది. బల్ల మీద స్క్రూడ్రైవర్లు అయిపోయాయి గానీ, నోరు పెగల్లేదు.

అడగక్కర్లేకుండానే మేనేజరే అడిగాడు. మంచివాడు, పెద్దవాడు, ఎవర్నీ నొప్పించని మనిషి. మెట్ల దగ్గర ఎదురై, చేతిలో టీ గ్లాసుతో, "పై గది ఖాళీ అవుతోందమ్మా. నువ్వు వెళ్తావా?" అన్నాడు.

లోపల మనిషి ఎగిరి గంతేసింది. వెళ్తాను, ఇప్పుడే వెళ్తాను, ఈ టీ మీరు తాగేలోపు వెళ్ళిపోతాను అని లోపల అరిచింది. కానీ అంత ఆత్రం పైకి చూపిస్తే ఏం బాగుంటుంది? అడగ్గానే ఎగబడితే ఏమనుకుంటారు? తరతరాల మొహమాటం వచ్చి నాలుక మీద కూర్చుంది.

"చూస్తానండీ" అంది.

మేనేజరు ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, "సరేనమ్మా" అని టీ తాగుతూ వెళ్ళిపోయాడు.

ఆరోజు ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికెళ్ళి కూతురికి చెప్పింది. "నిజంగానా అమ్మా? సరే అన్నావా?" అంది పిల్ల.

"అన్నాను" అంది ఆవిడ. అన్నాననే అనుకుంది కూడా. ఇంతకాలం ఆవిడ ఏది చూస్తానన్నా అందరూ సరే అన్నట్టే తీసుకున్నారు. ఈ ఒక్కసారి వేరేగా ఎందుకు తీసుకుంటారు?

భర్త భోంచేస్తూ విన్నాడు. "పై గదైతే సాయంత్రం తొందరగా వదుల్తారేమో. అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరకి నువ్వే తీసుకెళ్ళొచ్చు" అన్నాడు.

"చూస్తాను" అంది ఆవిడ. భర్త ఆ పని అయిపోయినట్టే చెయ్యి కడుక్కున్నాడు.

ఒక్కటే మిగిలింది. నిద్రరోగం పక్కన ఇంకా ఆవిడ పేరే ఉంది. ఈవిడ పైకి వెళ్ళిపోతే దాన్ని ఎవరూ ముట్టరు, పంతులుగారి ప్రశ్నపత్రాలు పోతూనే ఉంటాయి. దాన్ని అలా వదిలేసి వెళ్ళి, కిటికీ దగ్గర హాయిగా కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. మేనేజరు కూడా ఒకటి రెండుసార్లు తలుపులోంచి తొంగిచూసి, "ఆ నిద్ర సంగతి తేలుతుందామ్మా?" అన్నాడు. ఊరికే అడిగాడు. ఆవిడకి మాత్రం, తేల్చి వెళ్ళు అన్నట్టు వినబడింది. ఇంక పట్టుపట్టింది. టీకి కూడా బయటికి రాలేదు. కౌంటరాయనే గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, చల్లారిపోయాక తీసుకెళ్ళేవాడు. పై గది గురించి మేనేజర్ని మళ్ళీ అడగాలని అనిపించలేదు. ఇచ్చిన మాటని పదేపదే గుర్తుచేస్తే బాగుండదు కదా.

ఒక మధ్యాహ్నం ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుని ఆరిపోయింది. కిటికీ లేని గది, పట్టపగలే కటిక చీకటి. మనిషి వచ్చి మార్చేదాకా చేసేదేం లేదని ఆవిడ కుర్చీలోనే కూర్చుంది. చేతికి అలవాటైపోయింది కాబట్టి చీకట్లోనే మూత వేసింది. లాప్‌టాప్ అంచున గోరంత దీపం ఉంటుంది. యంత్రం మెలకువగా ఉంటే నిలకడగా వెలుగుతుంది, నిద్రపోతే మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుంది. వెలుతుర్లో అది కంటికి ఆనదు. చీకట్లో ఆనింది.

ఆవిడ మూత తీసింది. తెర నల్లగానే ఉంది. కానీ దీపం నిలకడగా వెలిగింది. రెండు మూడు ఊపిర్ల సేపు అలాగే ఉంది. తర్వాత మళ్ళీ వెలుగుతూ ఆరుతూ మొదలుపెట్టింది.

ఆవిడ దీపం మీదికి వంగింది. ఇంతకాలం అందరూ లేవట్లేదు, లేవట్లేదు అనుకున్నారు. లేస్తోంది. తెర వెలిగేలోపే మళ్ళీ పడుకుంటోంది.

ఎందుకు పడుకుంటోంది? లైటు వచ్చేదాకా ఆవిడకి ఓపిక లేదు. ఫోను వెలుగులోనే పని మొదలుపెట్టింది. మూత వేస్తే నిద్రపో అనే సెట్టింగును తీసేసి, మెనూలోంచి నిద్రపుచ్చి, మూత వేసి తీసి చూసింది. లేచింది, లేచే ఉంది. సరే, అంటే గొడవంతా మూతతోనే. ఒక చిన్న ఆదేశం ఇచ్చి, నీ మూత ఎలా ఉంది అని యంత్రాన్ని అడిగింది. మూత బార్లా తెరిచి ఉంది, ఆవిడ ముఖం ఎదురుగానే ఉంది. యంత్రం మాత్రం "మూసి ఉంది" అని జవాబిచ్చింది.

ఇదీ సంగతి. ఆ రకం లాప్‌టాప్‌లలో మూత తెరిచిన కబురు ఒక్కోసారి లోపలికి అందదు. యంత్రం లేస్తుంది, చుట్టూ చూసుకుంటుంది, మూత ఇంకా వేసే ఉంది కదా అనుకుని, ఎంతో విధేయంగా మళ్ళీ నిద్రపోతుంది. మూత తెరిచే ఉందని దానికి చెప్పినవాళ్ళు లేరు.

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకో ఆవిడకీ తెలియలేదు. దాని నల్లటి తెర మీద చెయ్యి వేసి, "పిచ్చిదానా" అంది.

మందు చిన్నదే. యంత్రం మొదలయ్యేటప్పుడు చదివే వరుసలో, నిద్రలేవగానే మూత తెరిచే ఉందనుకో అని చెప్పే ఒక్క మాట చేర్చాలి. చేర్చింది. మూత వేసింది, తీసింది. మంచినీళ్ళకి వెళ్ళొచ్చి తీసింది. ఇంటికెళ్ళి మర్నాడు వచ్చి తీసింది. అరలోని లాప్‌టాప్‌లన్నిటి మీదా ఎక్కించి, బల్ల మీద వరుసగా మూతలు వేసి, వరుసగా తీసుకుంటూ వచ్చింది. అన్నీ కళ్ళు తెరిచాయి.

గుంపులో పెడితే అందరూ ఉబ్బితబ్బిబ్బయ్యారు. కూర్పరి ఎవరి దగ్గరో అదే రకం లాప్‌టాప్ అరువు తెచ్చుకుని సరిచూసుకుని, వచ్చే కూర్పులో దీన్ని కలుపుతున్నామని రాశాడు. బగ్ పక్కన ఆవిడ పేరు చెరిగిపోయింది. ఆ ఖాళీ జాగాని ఆవిడ చాలాసేపు చూసుకుంది. మెడ మీదనుంచి రాయి దించినట్టయింది.

టీచరమ్మ వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. చూస్తానక్క లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

మేనేజరు చిన్నపిల్లాడిలా మూత వేసి తీసి, వేసి తీసి చూసుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా. ఇంక ఫోన్లు తగ్గుతాయి. పంతులుగారికి నేనే చెప్తాను" అన్నాడు. నిజంగానే సంతోషించాడు.

ఆవిడ కొంగు సర్దుకుంది. "మరి నన్ను పైకి ఎప్పుడు వెళ్ళమంటారండీ?"

"పైకా? ఎందుకమ్మా?"

"పై గదికండీ. టీచరమ్మ వెళ్ళిపోతోంది కదా. ఒకరోజు ముందే వెళ్తే, ఎవరెవరికి ఎంతవరకు వచ్చిందో అడిగి తెలుసుకోవచ్చని."

మేనేజరు మూత మీదనుంచి చెయ్యి తీశాడు. "అది మన కౌంటరాయనకి ఇచ్చేశాను కదమ్మా. పోయిన వారమే చెప్పాను. నీకు తెలీదా?"

ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఆ వారమంతా ఆవిడ లోపలి గదిలో మూతలు తీస్తోంది.

"నన్నడిగారు కదండీ" అంది ఆవిడ.

"అడిగాను. నువ్వు చూస్తానన్నావు." ఆయన కూడా ఇబ్బంది పడుతున్నాడు. "నీకు ఇష్టం లేదనుకున్నానమ్మా. పెద్దవాడిని, మొహాన వద్దని అనలేక అలా అన్నావనుకున్నాను. మళ్ళీ అడిగితే నిన్ను ఇరకాటంలో పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను."

చూడండి ఆవిడ అదృష్టం. ఇంట్లో, గుంపులో, పుట్టినప్పటినుంచి చుట్టూ ఉన్న ప్రతి మనిషీ ఆవిడ "కాదు"ని "సరే"గా తీసుకున్నారు. వాళ్ళందరిలోకీ ఒకే ఒక్క మర్యాదస్తుడు దొరికాడు, ఆవిడ మాటకి బావగారి మాటకున్నంత గౌరవం ఇచ్చినవాడు. ఆవిడ జన్మలో మనసారా "సరే" అన్నది ఆయనతోనే.

"నేను వస్తాననే అన్నానండీ" అంది.

"మరి వస్తాను అని అనొచ్చు కదమ్మా" అన్నాడాయన. అందులో కోపం లేదు. ఉంటే ఆవిడకి కొంచెం తేలికగా ఉండేది. "ఆయనకి మాట ఇచ్చేశాను. ఇంట్లో కూడా చెప్పుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే బాగుండదు. మళ్ళీ ఎప్పుడైనా ఖాళీ వస్తే చూద్దాం."

"అలాగేనండీ" అంది ఆవిడ.

లోపలి గదికి వచ్చి, తలుపు ఎత్తి మూసి, కుర్చీలో కూర్చుని ఏడ్చింది. కొత్త ట్యూబ్‌లైటు కింద, వరుసగా తెరుచుకున్న లాప్‌టాప్‌ల ఎదురుగా, శబ్దం రాకుండా ఏడ్చింది. మేనేజరు మీద కోపం తెచ్చుకుందామంటే రావట్లేదు. కూతురికి ఏం చెప్పాలి? సరే అన్నావా అని అడిగింది కదా ఆ పిల్ల. కోపమంతా తిరిగి తిరిగి తన నాలుక మీదికే వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటే తెర మీద కూర్పరి రాసింది కనబడింది. వేరే రకం యంత్రాల్లో నిద్రలేచాక శబ్దం రావట్లేదట, ఎవరి దగ్గరైనా అవి ఉన్నాయా అని. కింద ఎవరూ ఏమీ రాయలేదు. అందరూ ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ఆవిడకి తెలుసు. మూత వేసేసింది.

తలుపు నేలకి రాసుకుంటూ తెరుచుకుంది. కౌంటరాయన. మంచి మనిషి, టీలు తెచ్చిపెట్టినవాడు, ఆ ముద్దుపేరు పెట్టినవాడు. కొత్తగా కత్తిరించుకున్న జుట్టుతో, సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"అక్కా, నీకు తెలిసే ఉంటుంది. ఎల్లుండి నుంచి పై గదిలో నేనే చెప్పాలి. నాకు పిచ్చుక పైపైన తప్ప రాదు. పెద్దాళ్ళు ఏదైనా అడిగితే నోరు తెరుచుకుని నిలబడతాను. నాకు కొంచెం నేర్పవా?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. ఇందులో ఇతని తప్పేమీ లేదని తెలుసు. తెలిసినా, ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్నది ఇప్పుడే పైకి వచ్చింది.

"కుదరదు" అంది.

వెనక అమ్మా లేదు, బాబూ లేదు, ముందొక నవ్వు లేదు. ఇంత పొట్టి మాట ఆవిడ నోటినుంచి ఎప్పుడూ రాలేదు.  అతన్ని అన్నందుకు జాలేసింది, కానీ వెనక్కి తీసుకోదలచుకోలేదు.

అతను అర్థమైనట్టు తలాడించాడు.

"అయ్యో, ఇప్పటికిప్పుడు అని కాదక్కా. నీకు కుదిరినప్పుడే" అన్నాడు.

"కుదరదన్నాను."

"పర్లేదక్కా, నాకేం తొందర లేదు" అని, మూలనున్న స్టూలు ఆవిడ బల్ల పక్కకి లాక్కుని కూర్చున్నాడు.